మింగితేనే తెలుస్తుంది

(బీరు తయారుచేసే చోట, పీపాల గది. మధ్యాహ్నం, పనివాళ్లంతా భోజనాలకి వెళ్లిన వేళ. అక్క, తమ్ముడు.)

"తలుపు వేశావా?"

"వేశాను, గడియ కూడా పెట్టాను. ఏంటక్కా ఈ దొంగచాటు వ్యవహారం? ఓవెన్లో బ్రెడ్డు పెట్టి, పక్కవాడి మీద వదిలేసి పరిగెత్తుకొచ్చాను. చేతులకున్న పిండి కూడా కడుక్కోలేదు. ఫోన్లో అలా ఏడిస్తే ఏమనుకోవాలి? బావకేమైనా..."

"బావకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాడు. ఇటు రా. ఈ పీపా చూడు."

"చూడను."

"ఒరేయ్..."

"పీపా అన్నావంటే నాకు అర్థమైపోయింది. నేను వెళ్తున్నా."

"నాకు వాసన తెలియట్లేదురా."

"ఏంటీ?"

"ముక్కు పోయింది. పోయిన నెల వచ్చిన జ్వరంతో పాటే పోయింది. జ్వరం తగ్గింది, ముక్కు తిరిగి రాలేదు. కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాను. మీ బావ వచ్చి కట్టేశాడు."

"డాక్టరేమన్నాడు?"

"వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చట. ఆ మాత్రం నేనూ చెప్పగలను."

"ఓనరుకి చెప్పావా?"

"చెప్పి? ముక్కు లేనిదాన్ని బీరు చెయ్యడానికి ఎవడు పెట్టుకుంటాడు? అసలే నీ సంగతి జరిగాక, నీ అక్కని నీ చోట్లో పెట్టుకోవడానికి ఎంత ఆలోచించాడో."

"నా సంగతి ఎత్తకు."

"ఎత్తట్లేదు. విను. ఇది బార్లీవైన్..."

"పేరుకే వైను, మందపాటి బీరు. నాకు చెప్తున్నావా? నీకు నేర్పిందే నేను."

"ఏడాదిన్నర నుంచి ఈ పాత విస్కీ పీపాలో ఉందిరా. ఎవరూ పక్కన లేకుండా నేను సొంతంగా చేసిన మొదటిది. సాయంత్రం ఓనరు వస్తాడు. సీసాల్లో నింపాలా, పారబొయ్యాలా, ఒక్క మాట చెప్పమంటాడు. పక్క పీపా పులిసి వెనిగరైపోయింది. పోయిన వారం మూత తియ్యగానే పనివాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం దాని మీదకి వంగి, 'బానే ఉందిగా' అన్నాను."

"అయ్యో. మరి వాళ్లు?"

"వేళాకోళం అనుకుని నవ్వారు. ఇంకోసారి నవ్వరు."

"వాళ్లలోనే ఎవరినో ఒకర్ని రుచి చూడమనచ్చుగా."

"మీరెందుకు చూడరమ్మా అంటారు. అందరి గోడలకీ చెవులుంటే ఇక్కడి గోడలకి నోళ్లు కూడా ఉన్నాయి."

"నేను మానేశానక్కా."

"తెలుసు."

"తెలిసి పిలిచావు."

"తెలిసే పిలిచాను. ఇంకెవరున్నారు నాకు? ఈ గదిలో నీ ముక్కుని మించిన ముక్కు పుట్టిందా?"

"మా ఆవిడ తిరిగొచ్చింది. పిల్ల ఇప్పుడు నా పక్కలో పడుకుంటోంది. ఇదివరకు నా దగ్గర కంపుకి గోడవైపు జరిగిపోయేది. ఇప్పుడు 'నాన్న బ్రెడ్డు వాసన' అంటుంది. తెలుసా నీకు?"

"తాగమన్నానా? వాసన చూడు, అంతే. వాసనకే కైపెక్కుతుందా ఎక్కడైనా?"

"ఎక్కుతుంది. నీకు తెలీదు."

"నీ కాళ్లు పట్టుకుంటా."

"ఛీ, పెద్దదానివి, అదేం పని! లే. లే ముందు. సరే, పొయ్యి. గ్లాసు అడుగు తడిస్తే చాలు."

"ఆ పట్టకారు ఇటివ్వు. మేకు పీకాలి."

"ఇప్పటికీ పీపా మొహానికి మేకే కొడుతున్నారా?"

"నువ్వు పెట్టి పోయిన అలవాటేగా. తీస్తే చిల్లులోంచి బీరు దారంలా వస్తుంది, గుచ్చితే ఆగిపోతుంది. ఇదిగో, వస్తోంది. పట్టు."

"రంగు భలే..."

"రంగు నాకూ కనబడుతోందిలే. కళ్లు పోలేదు. వాసన చెప్పు."

"తొందరపెట్టకు. ఎండుద్రాక్ష. ముందు అదే వచ్చింది. డబ్బా మూత తియ్యగానే గుప్పున వస్తుందే, అది."

"ఆ, ఆ. ఇంకా?"

"పాకం. ఇంకొక్క క్షణం పొయ్యి మీద ఉంచితే మాడిపోయే పాకం. దాని వెనకాల చెక్క. కొత్త చెక్క కాదు. అమ్మ బీరువా."

"అమ్మ బీరువానా?"

"చలికాలం దుప్పట్ల కోసం తలుపు తీస్తే వచ్చేది చూడు. కింది అరలో తోలు చెప్పులు దాచేది, ఆ తోలు కూడా ఉంది. విస్కీ మాత్రం పైపైనే. ఇంట్లోకొచ్చి కూర్చోలేదు, గుమ్మంలో నిలబడి పలకరించి పోయింది. మంచిగా చేశావే, గడుసుదానివి."

"పొగడ్తలు తర్వాత. పులుపుందా? అది చెప్పు."

"ఏదో గుచ్చుతోంది ముక్కులో."

"వెనిగరా?"

"వెనిగరైనా కావచ్చు. ఘాటైనా కావచ్చు. ఇంత బలమైన సరుకు, దాని బలమే గుచ్చుతుంది. వాసనకి తేలదక్కా."

"తేల్చు."

"తేలదంటున్నాగా. నాలిక మీద పెడితే గాని... అలా చూడకు. అలా చూడకు అంటున్నాను."

"బకెట్టుంది. పుక్కిలించి ఉమ్మెయ్."

"ఉమ్మేది వైను వాళ్లు. బీరు చేదంతా నాలిక వెనకాల ఉంటుంది, పులుపు దాన్ని దాటి దిగుతుంది. మింగితేనే తెలుస్తుంది. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చాలాసార్లు చెప్పావు."

"మరి ఉమ్మమంటావేం?"

"అయితే ఒక్క గుక్క మింగు. నేనిక్కడే ఉన్నానుగా, చెయ్యి పట్టుకుంటాను."

"పిల్ల మీద ఒట్టేశానక్కా."

"ఆ పాపం నాకు రాసెయ్. నాకే తగలనీ. ఒరేయ్, ఈ పని పోతే ఇంకోచోట నన్ను రానిస్తారా? నలభై దాటాక నేర్చుకున్నాను. వంటింట్లోంచి బయటికొచ్చి ఇన్నేళ్లకి ఒక్కటి, ఒకే ఒక్కటి నాదని చేసుకున్నాను. భయంగా ఉందిరా. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు."

"ఇటివ్వు ఆ గ్లాసు."

"మెల్లిగా. కొంచెమే. ఆ... ఎలా ఉంది? ఒరేయ్, కళ్లు మూసుకున్నావేం? మాట్లాడు."

"మాట్లాడించకు."

"పులిసిందా?"

"మొదటి గుక్కకి నోరు నిద్రలేస్తుంది, అంతే. ఇంకొంచెం పొయ్యి."

"ఒక్కటే అన్నాం కదరా."

"నీకు నిజం కావాలా, వద్దా?"

"ఇంద. చాలు. చాలంటున్నాను, మేకు పెట్టేస్తున్నా."

"ఆగు. ఆగు, ఆగు. ఆ, ఇప్పుడు పెట్టు."

"ఇక చెప్పరా. ప్రాణం పోయేలా ఉంది నాకు."

"పోయిందక్కా."

"ఏంటి పోయింది?"

"పులిసిపోయింది. గొంతు గీరుకుంటూ దిగింది. వెనిగరే."

"లేదు. లేదు, లేదు. ఎండుద్రాక్ష అన్నావు. అమ్మ బీరువా అన్నావు!"

"ముక్కు మోసం చేస్తుంది. నాలిక చెయ్యదు. పక్క పీపాకి పట్టిన పురుగే దీనికీ పట్టింది. నన్ను నమ్మవా?"

"నమ్మే కదరా పిలిచాను. రోజూ పొద్దున్నే వచ్చి దీన్ని తట్టి, ఎలా ఉన్నావే అనేదాన్ని. మీ బావ ఉడుక్కునేవాడు, నన్నెప్పుడైనా అలా అడిగావా అని."

"ఏడవకు."

"ఏడవక? ఇక నా చేతిలో ఏముంది? ఏం చెయ్యను నేను?"

"ఓనరుకి ఫోన్ చెయ్. పులిసింది, పారబోయిస్తున్నాను అను. నీ ముక్కు మీద అనుమానం కూడా రాదు, ఇంకా గురి పెరుగుతుంది. ఇంటికెళ్లి పడుకో."

"మరి పీపా?"

"నేను పారబోస్తాను. తాళాలిచ్చి వెళ్లు."

"నీ బ్రెడ్డు?"

"బ్రెడ్డు మాడితే మాడుతుంది. నువ్వు చేసినదాన్ని నీ చేత్తో పారబోసుకోగలవా? నేను చూసుకుంటాను. మెల్లిగా ఖాళీ చేస్తాను."

"మెల్లిగా ఎందుకు?"

"అంటే... కాలవ చిన్నది కదా. పొంగుతుంది."

"వద్దు. చేసింది నేను, పారబోసేదీ నేనే. పట్టకారేది?"

"అక్కా, ఓనరొచ్చాక..."

"ఆయన ముందు ఏడవలేను. జరుగు."

"జరగను. నువ్వెళ్లు ఇంటికి."

"జరగమన్నానా! హుఁ. పీకేశాను. పోనీ. మొత్తం పోనీ... ఒరేయ్! వేలు అడ్డం పెట్టావేంటి? తియ్యి చెయ్యి."

"మేకు ఇటివ్వు."

"వెనిగరుకి మేకెందుకురా?"

"ఇవ్వక్కా, పక్కనుంచి కారిపోతోంది. నేలపాలైపోతోంది."

"కారనీ. చెడిపోయిందని నువ్వేగా అన్నావు."

"అబద్ధం చెప్పాను! పులవలేదు, ఏం పులవలేదు... పీపా మొత్తం నాకే కావాలనిపించిందక్కా."