ఆపిల్ చెట్టు మీద విమానం

1910 వేసవి. గాలిలో ఇంజను ఆగిపోయి, ఒక విమానం ఫ్రాన్సులోని నార్మండీ పల్లెలో ఆపిల్ చెట్టు మీద కూలింది. కొమ్మ పట్టుకుని వేలాడుతున్న పైలటుకు, బతికున్నందుకు నవ్వు ఆగడం లేదు. కింద తోట యజమానురాలు, ఒక ముసలమ్మ, పైపు కాలుస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, ఆ పైపు ఆర్పెయ్యండి. పెట్రోలు కారుతోంది."

"నా చెట్టు విరగ్గొట్టి నాకే చెబుతున్నావా?"

"ఆర్పకపోతే చెట్టుతోపాటు మనమూ కాలిపోతాం."

ఆమె పైపును తడిమట్టిలో గుచ్చింది. "ఇక దిగు. ఎందుకలా నవ్వుతున్నావు, తలకేమైనా తగిలిందా?"

"కాళ్లూ చేతులూ చూసుకున్నానమ్మా. నాలుగూ ఉన్నాయి."

"ఎప్పుడూ ఇలాగే దిగుతారా?"

"ఈ ఏడాది మా తోటి పైలట్లు ముగ్గురు ఇలా దిగే పోయారు."

ఆమె తలెత్తి విరిగిన కొమ్మల మధ్యనుంచి ఆకాశంలోకి చూసింది. "పైనుంచి సముద్రం కనిపించిందా?"

"కనిపించింది. అంతా తళతళలాడిపోతోంది."

"కాపురానికొచ్చి యాభై ఏళ్లయింది. సముద్రం ఇక్కడికి రెండు కోసుల నడకే. ఆవులూ పాలూ ఆపిళ్లూ అంటూ ఒక్కసారీ చూళ్లేదు. నీ విమానంలో ఇంకొకరికి చోటుందా?"

"ఉంది. కానీ ప్రాణం పోవచ్చమ్మా."

"డెబ్బై రెండేళ్లొచ్చాయి. ఇంట్లో కూర్చున్నా పోయేదే. దాన్ని బాగుచేయించుకుని ఏదో ఒక ఆదివారం రా. ఈసారి మాత్రం గడ్డిబీట్లో దిగు. నేను చెట్టెక్కలేను."