శుక్రవారం చదవబోయే పేరు

1968 వానాకాలం. పాతపట్నం దగ్గరి ఒక పల్లె. పార్లమెంటు మెంబరు గారి గుమాస్తా నరసింగరావు విజయనగరం నుంచి బస్సులో వచ్చి, బురదలో రెండు మైళ్ళు నడిచి, కూర్మయ్య ఇంటి అరుగు మీద కాగితాలు పరుచుకుని పావుగంటయింది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని పొమ్మనలేక, అడిగినదానికి సరైన జవాబు చెప్పలేక కూర్మయ్య సతమతమవుతున్నాడు.

"మళ్ళీ అడుగుతున్నాను. నువ్వు కూర్మయ్యకి ఏమవుతావు?"

"మళ్ళీ అదే సెప్తన్నాను బాబూ. నానే కూర్మయ్యని."

"నేనడిగేది చనిపోయిన కూర్మయ్య సంగతి."

"మా ఊళ్ళో కూర్మయ్యంటే నానొక్కడినే. నాను సచ్చిపోతే మా ఇంటిదానికి ముందు తెలుస్తాది కదా."

"నవ్వులాట కాదు. ఇదిగో, ఢిల్లీలో మెంబరు గారి చేతికొచ్చిన జాబితా. యుద్ధంలో జపాను వాళ్ళు బర్మాలో మన కూలీల్ని పట్టుకుపోయి అడవిలో రైలు మార్గం వేయించారు. అక్కడ చచ్చిపోయిన వాళ్ళ పేర్లివి. 'కూర్మయ్య, తండ్రి సోములు.' పక్కన మీ ఊరి పేరు. మీ నాన్న పేరేమిటి?"

"సోములే."

"మరి?"

"ఇంకో సోములు, ఇంకో కూర్మయ్య ఉండుంటారు."

"ఈ ఊళ్ళోనా? కూర్మయ్యవి నువ్వొక్కడివేనని ఇప్పుడే అన్నావు."

"అన్నానేటి?"

"అన్నావు."

"బాబూ, మజ్జిగ తాగుతారా?"

"మజ్జిగ తరవాత. నువ్వెప్పుడైనా రంగూను వెళ్ళావా?"

"రంగవా? నాను ఇశాపట్నం దాటనేదు."

"మీ ఇంట్లోంచి ఎవరైనా?"

"ఆ కాగితంలో... ఎప్పుడు పోనాడని ఉన్నాది?"

"నలభై మూడు, జూన్ నెల. కలరా."

"కలరా. అయితే గుక్కెడు నీళ్ళిచ్చినోడు కూడా ఉండడు ఆడికి."

"ఎవరికి కూర్మయ్యా?"

"నెమ్మది బాబూ, నెమ్మది. మా మరదలు ఎనకాల గొడ్లసాలలో ఉన్నాది. దానివి పాము సెవులు."

"సరే, నెమ్మదిగానే. ఎవరికి?"

"మా తమ్ముడు రాముడికి. రంగం ఎల్లడానికి కూలీల మేస్త్రీ నా పేరు రాసుకున్నాడు. ఓడకి టిక్కెట్టు నా పేరునే వచ్చినాది. ఇంక వారవుందనగా నాకు ఇషజ్వరం. 'నీ పేరు నాకియ్యన్నా, ఏడాదిలో తెచ్చిచ్చెస్తాను' అన్నాడు మా తమ్ముడు. ఎవులికీ సెప్పొద్దని మేస్త్రీ ఒట్టేయించుకున్నాడు. ఇరవయ్యెనిమిదేళ్ళయినాది. తేనేదు."

"అంటే చనిపోయింది..."

"ఆ మాట పైకనకండి బాబూ. మా మరదలు ఆడి పెళ్ళావే. అప్పుడు పుట్టింటికాడ ఉన్నాది, పేరు మార్చిన సంగతి దానికి తెల్దు. నేటికీ బొట్టెట్టుకుంతాది. నాను కూడా, ఎక్కడో ఉన్నాడు, ఒకనాటికొస్తాడనే అనుకుంతన్నాను. ఇయ్యాల మీరొచ్చినదాకా."

"అయ్యో. నాకు తెలియదయ్యా. తెలిస్తే ఇలా అడిగేవాణ్ణి కాదు."

"మీరేటి సేస్తారు. అయినా ఇన్నేళ్ళకి ఢిల్లీకి మేమెందుకు గుర్తొచ్చినాం?"

"వచ్చే శుక్రవారం లోక్‌సభలో మెంబరు గారి సవరణ చర్చకొస్తుంది. యుద్ధంలో ఇలాంటి ఘోరాలు చేసిన వాళ్ళని శిక్షించడానికి మనకో చట్టం ఉంది. అది పుట్టి ఎనిమిదేళ్ళే. అంతకుముందు జరిగినవాటికి వర్తించదు. ఎన్నేళ్ళయినా సరే, ఏ దేశం వాడైనా సరే, పట్టుకుని విచారించాలని ఈయన సవరణ. ఒక్క ఇంటి కష్టమైనా సభలో పేరుపెట్టి చదవాలని పట్టుబట్టారు. జాబితా సగం చెదలు తినేశాయి. మన జిల్లాలో ఊరూ పేరూ తెలిసింది మీదొక్కటే."

"పాసవుతాదా?"

"అవదు."

"ఇంత దూరవొచ్చి అవదంతారేటి?"

"అబద్ధం చెప్పమంటావా? జరిగిననాడు లేని చట్టం కింద ఎవర్నీ శిక్షించకూడదని మంత్రిగారు లేచి చెప్తారు. పైగా విశాఖపట్నం రేవులో జపాను ఓడలు మన ఇనప రాయి నింపుకుంటున్నాయి. ఇప్పుడు వాళ్ళతో తగువెవరికి కావాలి? మా ఆయనకిచ్చేది పావుగంట. ఆఖర్న ఆయనే సవరణ వెనక్కి తీసుకుంటారు."

"మరెందుకు బాబూ ఈ తతంగవంతా?"

"సభలో అన్న ప్రతి మాటా పుస్తకంలో అచ్చవుతుంది. పేరు ఉండిపోతుంది. అంతకంటే ఏమీ లేదు. చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది."

"అయితే అందులో ఉన్నట్టే, నా పేరే సదివెయ్యండి."

"ఎలా చదువుతారయ్యా? చచ్చినవాడు పాతపట్నం సంతలో ఎడ్లు బేరమాడుతున్నాడని ఎవడో ఒకడు ఉత్తరం రాస్తాడు. సభంతా నవ్వుతుంది. జాబితా మొత్తం దొంగదంటారు. నిజం రాయించు. లేదంటే ఈ పేరు కొట్టేసి వెళ్ళిపోతాను."

"నిజం రాయిస్తే?"

"శనివారం పేపర్లో పడుతుంది. చదివి వినిపించే మనిషి మీ ఊళ్ళో ఉండకపోడు."

"కొట్టేస్తే ఆడు ఎక్కడా నేనట్టేనా? ఒక్క సోట కూడా?"

"లేనట్టే."

"బావా! ఢిల్లీ నుంచి ఎవులో వచ్చినారని ఈదిలో అంతన్నారు. ఈ బాబేనా? రంగం కబురా?"

"నువ్వెందుకొచ్చినావు దేముడమ్మా? ఆవుకి గడ్డేసినావా?"

"ఏసినాను. నమస్కారం బాబూ."

"నమస్కారమమ్మా. కబురేం కాదు. రంగూను వెళ్ళిన వాళ్ళ వివరాలు రాసుకుంటున్నాను. మీ ఆయన పేరు?"

"బావ సెప్తాడు."

"నువ్వే చెప్పచ్చు కదా."

"అమ్మమ్మ, అదేటి బాబూ! పెనిమిటి పేరెత్తితే ఆయుస్సు తగ్గిపోదా? మొగుడు బతికుండగా ఏ ఆడదెత్తుతాది? పెళ్ళినాడు గడప కాడ ఆడబడుసులు అడ్డంగా నిలబడి సెప్పించినారు. అదొక్కసారే. ఆ కాగితాలేటి? అందులో ఆయన పేరున్నాదా?"

"దేముడమ్మా, నువ్వు లోనికెల్లు."

"ఉండు బావా. ఉన్నాదా బాబూ?"

"రాముడన్న పేరు... లేదమ్మా."

"నేదు కదా! సూసినావా బావా! నాను సెప్పనేదా? నా బొట్టు కేసి సూసి ఊరంతా మూతి తిప్పుకునీవోరు. నేదట! ఢిల్లీ కాగితంలోనే నేదట!"

"ఔనమ్మా, నేదు. ఎల్లి బాబుకి మంచినీళ్ళు తే."

"తెస్తాను, తెస్తాను. బెల్లంముక్క కూడా తెస్తాను."

"నేను అబద్ధమాడలేదు కూర్మయ్యా."

"తెల్సు బాబూ. సూసినారు కదా దాని మొహం. ఇంక రాయండి."

"ఏమని?"

"సచ్చిపోయినోడు కూర్మయ్య. సాక్షి తమ్ముడు రాముడు. ఆడు బతికే ఉన్నాడు. ఏలిముద్ర నానేస్తాను."

"మతి పోయిందా నీకు?"

"ఢిల్లీలో నన్నెవులెరుగుదురు? అడిగినోడికి నానే రాముడినని సెప్తాను. ఆడి పేరు పుస్తకంలోకెక్కుతాది, బతికున్నోడిగా ఎక్కుతాది. దాని బొట్టు దానికుంతాది. ఆడు నా పేరుతో సచ్చిపోనాడు బాబూ. నాను ఆడి పేరుతో ఒక్క ఏలిముద్ర ఎయ్యనేనా?"

"మీ ఇంటామెకి తెలిస్తే?"

"నారాయణమ్మకి ఢిల్లీ సంగతులెందుకు? ఆ సిరా ఇలగియ్యండి, బేగి, మా మరదలు వచ్చీలోపల."

"వచ్చీసినాను బావా."

"ఎప్పుడొచ్చినావు?"

"ఆయన నీ పేరున ఎల్లినాడా?"

"అదేటమ్మా, ఊరికే మాటాడుకుంతన్నాం..."

"నీ పేరున ఎల్లినాడా బావా?"

"ఔను."

"నాకెందుకు సెప్పనేదు?"

"అప్పుడు పిల్లదానివి. తరవాత ధైర్నం నేకపోనాది. సచ్చిపోనాడని మాత్రం నాకూ ఇప్పుడే తెలిసినాదమ్మా. నా పిల్లల మీదొట్టు."

"ఏలిముద్ర ఎయ్యకు."

"ఏస్తాను. నాకేటైనా పరవానేదు, నీ బొట్టు..."

"నా బొట్టు సంగతి నాను సూసుకుంతాను. బాబూ, ఆ సట్టం పాసవుతాదా?"

"అవదమ్మా."

"ఆయన్ని సంపినోళ్ళని ఎవులైనా అడుగుతారా?"

"అడగరు."

"మరేటి మిగుల్తాది?"

"పుస్తకంలో పేరు."

"అది కూడా ఆయన పేరు కాకపోతే ఇంకేటున్నాది బాబూ? ఇంక రాడు. ఇన్నేళ్ళూ గుమ్మం కేసి సూసీదాన్ని. ఇంక రాడు. బావ పేరు కొట్టీండి."

"ఒద్దమ్మా. దేముడమ్మా, నీకు దండవెడతాను, ఒద్దు."

"నువ్వూరుకో బావా. ఇదిగో బాబూ, నీళ్ళు తాగండి. తాగి కలం పట్టుకోండి. అడగాల్సినది అడగండి."

"చనిపోయిన మనిషి... నీకేమవుతాడు?"

"పెనిమిటి."

"పేరు... కూర్మయ్య చెప్తాడులే అమ్మా."

"బావెందుకింక? నానే సెప్తాను. రాముడు."