మేకుకు వేలాడిన నల్లద్దం

భిలాయి క్యాంప్ 1లో నూకరాజు వెల్డింగు షాపు. ఎమ్మెస్సీ చదువుతున్న కూతురు ఛాయ బల్ల మీద చిన్న మీటరు పెట్టింది.

“ఇదేనేటి, రెండేళ్ళు కాలేజీలో నువ్వు చేసింది? పౌడరు రాసిన గాజుముక్క.”

“పౌడరు కాదు నాన్నా, జింక్ ఆక్సైడ్ పొర. కొంచెం అల్యూమినియం కలిపేం. కంటికి కనపడని అల్ట్రావయొలెట్ దీని మీద పడితే మీటరు ముల్లు లేస్తాది.”

“దానికి మీటరెందుకు? రాత్రికి కళ్ళల్లో ఇసక పోసినట్టుంటాది. బంగాళదుంప చెక్క పెట్టుకుని తొంగుంటాం. తెల్లారికి పోద్ది.”

“జోగయ్య మావయ్యకి పోలేదు కదా.”

“ఆడి ఊసెత్తకు.”

“ఉత్తరం రాయించేడు. ఒక్కసారి వస్తానని.”

“రానియ్యను. స్క్రీను అడ్డం పెట్టుకోరా అంటే బద్ధకం. నా దగ్గర పనిచేస్తా కళ్ళు పోగొట్టుకుని నా షాపు పేరు చెడగొట్టేడు. దుర్గ్‌లో రైలెక్కిస్తే, స్క్రీను ఎప్పుడూ మొహం మీంచి దించలేదు బావా అని నా చెయ్యి ఒగ్గడు. సిగ్గులేని మనిషి.”

“అచ్ఛా, ఆర్క్ కొట్టు.”

“టార్చికి కూడా లేస్తాదేమో నీ ముల్లు.”

“వేసి చూపిస్తాను... చూడు, లేవలేదు. ఇప్పుడు కొట్టు.”

“కొడతన్నాను. మొహం తిప్పుకో.”

“లేచింది.”

“ఎలక తోకా లేస్తాది.”

“ఇప్పుడు నీ స్క్రీను అద్దం వెనకాల గాజుముక్క పెట్టేను. కొట్టు... లేవలేదు. నీది మంచిదే.”

“ఆ మాట చెప్పడానికి రెండేళ్ళా? నన్నడిగితే రెండు నిమిషాల్లో చెప్దును.”

“ఆ మేకుకి ఉన్న స్క్రీను అద్దం కూడా ఇటివ్వు.”

“దాన్నొగ్గీ.”

“ఎందుకు?”

“పాతది. ఒగ్గీమన్నానా.”

“నేనే తీసుకుంటాను. కొట్టు నాన్నా, ఒక్కసారి.”

“మొండిపిల్ల. ఊఁ.”

“నాన్నా, ఆపు. అద్దం లేనప్పుడు ఎంత లేచిందో, ఇప్పుడూ ఇంచుమించు అంతే. నల్లగా ఉందంతే, ఏదీ ఆపట్లేదు. ఎవరిదిది?”

“మీటరు పాడయ్యుంటాది.”

“ఎవరిది?”

“జోగయ్యది.”

“అయితే మావయ్య నిజమే చెప్పేడు. స్క్రీను దించలేదు. ఇలాంటి అద్దం ఎక్కడ కొన్నాడు, పాపం, చూసుకోకుండా?”

“ఆడు కొనలేదు.”

“మరి?”

“ఆదివారం బజారులో చవగ్గా దొరికితే నేనే తెచ్చేను. కళ్ళు మండుతున్నాయి, ఇది వద్దు బావా అని మూడుసార్లు తెచ్చి ఆ మేకుకే తగిలించేడు. మూడుసార్లూ నేనే తీసి ఆడి చేతికిచ్చేను.”