ఇస్త్రీ బల్ల ఎత్తు

ఇస్త్రీ దుకాణంలో కూతురు నడుము పట్టుకుని నిలబడింది. తండ్రి ఇటుకలు మోసుకొచ్చాడు.

"మళ్ళీ పట్టేసిందా?"

"అదే సర్దుకుంటుంది నాన్నా."

"ఏం సర్దుకుంటుంది? పొద్దస్తమానం వంగి రుద్దితే మంచాన పడతావు. ఈ బల్ల మీ అమ్మ తన ఎత్తుకి కోయించుకుంది. నీకేమో నా పొడుగొచ్చింది. జరుగు, బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెడతా."

"వద్దు నాన్నా."

"ఏం?"

"అమ్మకి అందదు."

ఆయన ఇటుకలు కింద పెట్టాడు.

"అమ్మ ఇంక రాదు కదే, తల్లీ."

"తెలుసు."

"తెలిస్తే ఆ పక్క ఎత్తు. నడుము వంచకు, మోకాళ్ళు మడిచి ఎత్తు... ఆఁ, అంతే. ఇప్పుడు పెట్టె పట్టుకుని చూడు. నిటారుగా నిలబడగలుగుతున్నావా?"

"ఆఁ."

"మరి ఏడుస్తావేం? ఇంకా నొప్పిగా ఉందా?"

"లేదు నాన్నా. తగ్గిపోయింది."