సుంకన్న పద్యం

ఓబులమ్మ అని, గొర్రెల ఈరన్న కూతురు, ఎనిమిదో తరగతి చదువుతాండె. లెక్కల్లో అంతంత మాత్రమే గానీ గొంతు మాత్రం ఏం గొంతనుకున్నారు! గొర్రెలు మేపే బీట్లో ఆ పిల్ల పద్యమెత్తుకుంటే గుట్టకవతల కట్టెలు కొట్టేటోళ్ళు గొడ్డలి ఆపి వినేటోళ్ళంట. అప్పట్లో మా గుట్టపాళ్యం బడి చావిట్లో నడుస్తాండె. వానొస్తే సగం మంది పిల్లోళ్ళు ఇంటికి పోవాల, సగం మంది గోడకంటుకోని నిలబడాల. ఆ బడికి అనంతాచార్లని ఒక అయ్యవారు. మంచోడు, బెత్తం పట్టుకుంటాడు గానీ కొట్టడు. ఆయప్పకు పద్యాల పిచ్చి. మన ఊరి సంగతి ఏ పుస్తకంలోనూ లేదని, ముసలోళ్ళ నోట విన్నదంతా పోగుచేసి తానే పద్యాలు కట్టినాడంట. పిల్లోళ్ళకు అవే తెలుగు పాఠం, అవే చరిత్ర పాఠం. ఒకే పొయ్యి మీద రెండు వంటలనుకో.

ఆ పద్యాల్లో ఏముండాదంటే, వెనకట మన కోటనేలిన పెద్దనాయకుని కత. పెద్దనాయకుడు పసిబిడ్డప్పుడే తల్లి పోతే, సుంకన్న అనేవాని తల్లి ఇద్దరికీ చెరొక రొమ్మిచ్చి సాకిందంట. అంటే సుంకన్న, నాయకుడు పాలు పంచుకున్న అన్నదమ్ములన్నమాట. ఒక కరువేట్లో, చెరువు అడుగుకు పోయినప్పుడు, నా సెలవు లేనిదే తూము తెరిస్తే చెయ్యి నరికిస్తానని నాయకుడు చాటింపేసినాడు. ఒక పొద్దు తెల్లారేసరికి తూము తెరిచుండాది. ఎవురు తెరిచినారంటే, సుంకన్న. మంత్రి వద్దు వద్దంటాడు, సాకిన తల్లి కొంగు పట్టి కాళ్ళ మీద పడుతుంది, నాయకుడేమో కండ్లనీళ్ళు పెట్టుకోని, తమ్ముడైనా ధర్మం ధర్మమే అంటాడు, అని చెయ్యి నరికిస్తాడు. ఆ పద్యం చదివితే ఏడవనోడు లేడు. కోటలో ఇంకా ఉండాడే, పెద్దనాయకుని వంశపోడు కదిరప్ప నాయుడు, ఆయన కూడా విని తువ్వాలతో కండ్లు తుడుచుకున్నాడంట. తుడుచుకోని, బడి కట్టుకోండి, కప్పుకు బండలు నేనిస్తా, కప్పు మొదులు పెట్టే పొద్దు ఈ పద్యాలు నాకు సభలో చదివినిపించాల అన్నాడంట. చదివేదెవురు? ఓబులమ్మే. ఇంకెవురుండారు. ఏమైనా ఈరన్న గొర్రెలు మేసేది నాయుడి బీట్లోనే కదా, ఆ పిల్ల చదివితే బాగుంటాదని ఊరంతా అనుకున్నారు. చేతులాడించండమ్మా, చెనిక్కాయలు వొలుస్తా వినండి, నోరు తెరుచుకోని కూచుంటే పని సాగదు.

క్లాసులో అయ్యవారు ఆ పద్యాలు చదివించి, న్యాయమంటే ఏందిరా అని అడిగేవాడు. తమ్ముడని చూడకపోవడం సార్ అని పిల్లోళ్ళంతా ఒకటే గొంతుతో చెప్పేవాళ్ళు. ఓబులమ్మ కూడా అదే చెప్పేది. అదేమీ అబద్ధం కాదు కదా. అయితే ఏమైందంటే, సభ దగ్గర పడిందని ఆ పిల్ల బీట్లో గొర్రెలను తోలుకోని పోయి పద్యాలన్నీ గొంతులు మార్చి చదవడం మొదులుపెట్టింది. నాయకునికి బరువు గొంతు, మంత్రికి సన్నగొంతు, తల్లికి వొణికే గొంతు. అట్ల గొంతులు పంచుకుంటా పంచుకుంటా సుంకన్నకు ఏ గొంతు పెట్టాలబ్బా అనుకుందంట. అనుకోని వెతికితే సుంకన్న పద్యం దొరకలేదు. మళ్ళా మొదుల్నుంచి చదివింది. దొరకలేదు. మర్చిపోయినానే, ఎక్కడో వొక పద్యం జారిపోయిందే అని ఆ పిల్లకు భయం పట్టుకుంది. సభలో నాయుడి ముందర తప్పిపోతే ఏం గతి? గొర్రెలను దొడ్లో తోలి, కూడు కూడా తినకుండా నేరుగా అయ్యవారింటికి పోయిందంట. సార్, నేనొక పద్యం మర్చిపోయినట్టుండాను అని చెప్పింది. ఏదీ చదువు అన్నాడు. చదివింది. ఒక్క అక్షరం పోలేదు కదమ్మా అన్నాడాయప్ప.

“అయితే సుంకన్న ఎప్పుడు మాట్లాడతాడు సార్?”

అయ్యవారు నవ్వినాడంట. తూము తెరిచింది వాడేనని తేలిపోయినాక ఇంక మాట్లాడేదేముందమ్మా అన్నాడు. అట్లనా సార్ అనింది ఆ పిల్ల. అని పోతుందా? పోలేదు. వాకిట్లోనే నిలబడి, మరి తల్లి మాట్లాడుతుంది, మంత్రి మాట్లాడుతాడు, చెయ్యి పోయేది వానిది కదా సార్, వాడు ఎందుకు తెరిచినాడో ఎవురూ అడగలేదా అనింది. అప్పుడు అయ్యవారికి కొంచెం కోపమొచ్చిందంట. పాపం, తాను కట్టిన పద్యం కదా, ఎవురికైనా వస్తాది. పొద్దు పోయింది, ఇంటికి పో అన్నాడు. మరుసటి పొద్దు క్లాసులో ఓబులమ్మ దిక్కే చూడలేదు. ఆ పిల్లేమో, అడక్కూడనిదేమన్నా అడిగినానా అని తల వొంచుకోని కూచుంది. సభలో ఇంకొకర్ని చదవమంటాడేమో, నాయనకు ఏమని చెప్పాలా అని అదొక దిగులు.

కానీ అయ్యవారు మొండోడు కాదు. ఆయప్పకు ఆ మాట ముల్లు మాదిరి గుచ్చుకోని ఉండాది. కొన్ని దినాలకు ఆ పిల్లను పిలిచి, ఇదిగో, సుంకన్నకు పద్యం కట్టినాను, చదివి చూడు అన్నాడంట. ఏమని కట్టినాడంటే, అన్నా తప్పు చేసినాను, నీ ధర్మం నిలబెట్టుకో, ఇదిగో నా చెయ్యి అని సుంకన్నే చెయ్యి చాపినట్టు. భలే పద్యం. ఓబులమ్మ చదివింది. ఇంకొకసారి చదివింది. మెల్లగా, భయపడతా భయపడతా ఒక మాట చెప్పిందంట.

“సుంకన్న గొంతు పెడదామని చూస్తాండా సార్. నాయకుని గొంతే వస్తాంది.”

అయ్యవారు ఆ కాగితం తీసుకోని తానే ఒకసారి చదువుకున్నాడు. చదివి, సరే, వాడేం చెప్పింటాడో నువ్వు చెప్పు అన్నాడు. నాకేం తెలుసు సార్ అనింది. తనకూ తెలీదన్నాడు. చదువుకున్నోడు తెలీదని వొప్పుకునేది యాడన్నా చూసినారా చెప్పండి.

సభ పొద్దు వచ్చింది. గోడలు లేచినాయి, సగం బండలు బండ్ల మీద వచ్చి వాకిట్లో పేర్చినారు, మిగతా సగం రావాల. కదిరప్ప నాయుడు కుర్చీలో కూచున్నాడు, ఊరంతా కింద కూచున్నారు. ఓబులమ్మ ఎత్తుకుంది. సుంకన్న తల్లి పాలిచ్చే పద్యానికే ఆడోళ్ళు కండ్లు వొత్తుకున్నారంట. తూము తెరిచిన సంగతొచ్చింది, మంత్రి పద్యమయ్యింది, తల్లి పద్యమయ్యింది. ఇంక నాయకుడు శిక్ష చెప్పాల. అయ్యవారు లేచి, ఆగమ్మా అన్నాడు. అని జనం దిక్కు తిరిగి చేతులు జోడించి చెప్పినాడు.

“ఈడ సుంకన్న పద్యం ఉండాల. నేను కట్టలేదు, నాకు తెలీదు. తూము ఎందుకు తెరిచినాడో మీలో తెలిసినోళ్ళుంటే చెప్పండి.”

అప్పుడు ముసలి లచ్చుమక్క కూచున్న చోటనే, మా జేజి చెప్తాండె, దిగువ పాళ్యంలో గొడ్లు నీళ్ళు లేక నాలుకలు బయటేసినాయంట, అందుకు తెరిచినాడంట అనింది. గొడ్లు కాదు, తాగి తెరిచినాడు అని ఇంకొకడు. తాగడమేంది, తెరవమని మంత్రే చెప్పి పంపినాడని మా నాయన అంటాండె అని ఒకడు. అదంతా కాదు, తెరిచినోడు వాడే కాదు, ఆ పొద్దు వాడు ఊళ్ళోనే లేడు అని చేపల నాగన్న లేచి నిలబడినాడంట. ఒకరి మాట ఒకరికి పొసగదు. అయ్యవారు విస్తుపోయి, ఇన్నేండ్లు నేను అడిగి అడిగి పద్యాలు కట్టినాను కదప్పా, అప్పుడెందుకు చెప్పలేదు అన్నాడు. నువ్వు పెద్దనాయకుని సంగతి అడిగితివి సామీ, సుంకన్న సంగతి అడిగితివా అనిందంట లచ్చుమక్క.

ఓబులమ్మ నిలబడే ఉండాది. మిగిలింది చదవాల్నా సార్ అని అడిగింది. చదువమ్మా అన్నాడు. చెయ్యి నరికే పద్యం చదివింది, ఎప్పటికంటే బాగానే చదివింది. కానీ ఎప్పుడూ ఏడ్చే జనం ఆ పొద్దు ఏడవలేదంట. సుంకన్న కోసం ఏడవాల్నా, నాయకుని కోసం ఏడవాల్నా వాళ్ళకే తెలీలేదనుకో. నాయుడు కూడా తువ్వాల తియ్యలేదు. పద్యం బాగుండాది గానీ పొడుగైంది అని చెప్పి లేచి పోయినాడంట. ఒక్క మాట ఎక్కువ అనలేదు, పెద్దమనిషి. వచ్చిన బండలు వచ్చినాయి, రావాల్సినవి రాలేదు. సగం బడికి బండ, సగం బడికి బోదగడ్డి. గొర్రెలను బీట్లోకి తోలొద్దని ఈరన్నకు కబురొచ్చింది. ఈరన్న ఆ ఏడంతా గుట్ట దాటి దూరం పోయి మేపుకొచ్చినాడు. అయ్యవారు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకోని నాయుడి దగ్గరికి పోయి ఈరన్న తప్పేమీ లేదని చెప్పినా పని జరగలేదు. కూతుర్ని ఈరన్న కొట్టలేదు గానీ, మనకెందుకే ఆ సుంకన్న సంగతి అని మాత్రం అడిగినాడంట. నేను పద్యం మర్చిపోయినానేమోనని పోయినా నాయనా, అంతే అనిందంట ఆ పిల్ల. గొర్రెలు దూరం పోతాంటే చూసి ఏడ్చింది కూడా. అడగకుండా ఉంటే బాగుండు అనుకుందా అంటే, కొన్ని దినాలు అనుకుందంట. మనిషే కదా.

ఓబులమ్మ పదో తరగతి దాకా చదివి ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. అయ్యవారు బదిలీ మీద యాడికో పోయినాడు. పద్యాలు ఒక్కరికీ పూర్తిగా రావిప్పుడు. కానీ మా గుట్టపాళ్యంలో పంచాయితీ జరిగేటప్పుడు, దొంగని తెచ్చి నిలబెట్టి నలుగురూ నాలుగు వైపుల నుంచి అరుస్తాంటే, ఎవడో ఒకడు వెనకనుంచి ‘వానికో పద్యమియ్యండప్పా’ అంటాడు. కొత్తగా వచ్చిన కోడండ్లు ఇదేం మాట అని బిత్తరపోతారు. అంటే, వాణ్ణి కూడా మాట్లాడనియ్యండి అని. ఇస్తారు, ఇయ్యకపోవడం లేదు. మాట్లాడినాక దండుగ తగ్గిందా అంటే, కొన్నిసార్లు తగ్గింది, కొన్నిసార్లు నోరు తెరిచి ఇంకో దొంగతనం కూడా బయటపెట్టుకోని రెండింతలు కట్టినోళ్ళుండారు. అదీ సంగతి. ఆ తట్టలో పొట్టు అవతల పారబొయ్యండి.