నమూనాల గదిని నిలబెట్టిన నిదానం మేడమ్

ముప్పై మూడేళ్ల క్రితం, జూన్ పదకొండో తేదీ ఉదయం, ప్రాంతీయ పరిశ్రమల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన మా సహోద్యోగిని, ఏ కాగితాన్నైనా మూడుసార్లు చదవనిదే ముందుకు పంపని స్వభావం వల్ల తొలి నెలలోనే ‘నిదానం మేడమ్’ అనిపించుకున్నారు. పై అధికారులు విసుక్కున్నారు, తోటివారు నవ్వుకున్నారు. ఆమె మాత్రం తాపీగా నాలుగోసారి చదివారు.

క్రమంగా సూపరింటెండెంటుగా, ఆపై విదేశీ పెట్టుబడుల విభాగాధిపతిగా ఎదిగిన ఆ ప్రస్థానంలో ఆర్థిక సంక్షోభం నాటి ఘట్టం చిరస్మరణీయం. ఊళ్లోని పంపుల కర్మాగారం మూతపడి మూడు వందల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అందులో ఫిట్టరైన ఆమె మరిది ఒకరు. ఎనిమిది నెలలకు ఒక విదేశీ సంస్థ కర్మాగారాన్ని కొని అందరినీ పనిలోకి తీసుకుంటామంది. అయితే కొత్త పంపులకు రూపకల్పన చేసే నమూనాల గదిని మాత్రం ఎత్తేస్తామంది. నమూనాలు వాళ్ల దేశం నుంచే వస్తాయట. కార్యాలయమంతా సరేనంది. మేడమ్ ఒక్కరే అనుమతి ఫైలులో ఆ గది ఉండితీరాలని రాశారు. నిజం చెప్పాలంటే మా అందరికీ ఒళ్లు మండింది.

బేరం ఏడు నెలలు సాగింది. ఒకనాడు భోజనాల దగ్గర మరిది ఉండబట్టలేక అడిగేశారు.

“వదినా, ముందు నాలుగు వేళ్లు నోట్లోకి పోనివ్వండి. గీతలు ఎవరు గీస్తే మనకేంటి?”

“బిగించడం నీకు వచ్చు. రేపు వాళ్లు సర్దుకుని పోతే ఏం బిగిస్తావయ్యా?”

ఆయన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ తరువాత ఆమెతో మాట్లాడలేదు. పట్టుదల ఇంటినే చీలుస్తుందేమోనని ఆమె లోలోపల కుమిలిపోయారు, కానీ రాసిన మాట కొట్టివేయలేదు.

చివరకు గది నిలిచింది, అందుకు బదులుగా ఉద్యోగాలు మాత్రం నూట ఎనభైకి తగ్గాయి. జాబితాలో మరిది పేరు లేదు. మిగిలిన నూట ఇరవై మందిని తలచుకుంటే ఆమెకు నేటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ విషయంలో ఎవరు పొగిడినా లేచి వెళ్లిపోతారు. ఆరేళ్లకు ఆ సంస్థ నిజంగానే సర్దుకుని పోయింది. నమూనాల గదిలో పనిచేసిన నలుగురు తక్కువ కరెంటుతో నడిచే పంపును రూపొందించి, చిన్న షెడ్డులో మొదలుపెట్టి, ఇప్పుడు రెండు వందల మందికి పని ఇస్తున్నారు. అక్కడి ఫోర్‌మన్ ఆమె మరిదే.

మేడమ్ పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు రెండు ముక్కలు రాయమని ఆయనను కోరాం. “రాయడం నాకు చేతకాదండీ. వదినతో ఏడాదిపాటు మాట్లాడలేదు. అది నా తప్పని వేయండి, చాలు” అన్నారు. ఆ మాట ఇంట్లో ఇంతవరకూ అనలేదట. మేడమ్ దానిని తొలిసారి ఈ పుటలోనే చదువుకోబోతున్నారు; ఎన్నిసార్లు చదువుకున్నా ఈసారి తొందరపెట్టేవారెవరూ లేరు. ఆయురారోగ్యాలతో, అయినవారి నడుమ, ఆమె నిండు నూరేళ్లూ నిదానంగానే గడపాలని మా అందరి ఆకాంక్ష.