హద్దురాయి కింద పెంకులు

పోర్చుగల్‌లో తేజు నది గట్టు, మిట్టమధ్యాహ్నం. హద్దురాయి దగ్గర ఫ్రెయిషల్ పంచాయతీ ప్రెసిడెంటు దెవులిందా, ఆమె మరిది అబీలియు. నేలమీద, అవతలి పంచాయతీ ముసలాయన జెఫరీను.

"చాల్రా అబీలియు, చచ్చిపోతాడు! ఆ పార కింద పడెయ్!"

"వదులు వదినా! వీడి రెండో కాలు కూడా విరగ్గొడతా. రాయి జరిపిన కాళ్లివి."

"నేను జరపలేదురా. ఫాతిమా మాత మీద ఒట్టు."

"నోర్ముయ్ జెఫరీను! రాయి నుంచి ఏటిదాకా మా నాన్న పుచ్చతోట. ఇప్పుడు సగం లేదు. మిగతాది ఎగిరిపోయిందా? రాయిని ఏటివైపు జరిపి నువ్వు మింగావు!"

"నెత్తురు ఆగట్లేదు. ఉండు, అంబులెన్సుకి ఫోన్ చేస్తా."

"చెయ్యి వదినా. ఏ ఊరి బండొస్తుందో చూద్దాం. తల వాళ్ల పంచాయతీలో ఉంది, కాళ్లు మన పంచాయతీలో."

"ఇప్పుడా నీ వెటకారం? ఛ, సిగ్నలే లేదు."

"బండి తర్వాత, దెవులిందా. ముందు రాయి తవ్వించు."

"ఇప్పుడెందుకయ్యా తవ్వకాలు? ముందు ఆసుపత్రికి..."

"దొంగన్న పేరుతో నన్ను బండెక్కించకు. దార్లోనే పోతే? ఒరేయ్, మా తాత, మీ తాత కలిసి పాతిన రాయిది. ఇంటిపెంకు ఒకటి రెండుగా విరిచి, రాయి కింద అటొకటి ఇటొకటి పెట్టారు. కలిపితే అతుకుతాయి. రాయి జరిగుంటే కింద పెంకులుండవు. మగాడివైతే తవ్వు."

"తవ్వుతా. పెంకులు లేవో, ఆ గోతిలోనే నిన్ను పూడుస్తా."

"అబీలియు, వద్దన్నానా!"

"నువ్వు జరుగు వదినా... అబ్బ, ఎంత బరువుందిరా... హమ్మయ్య, ఊడింది."

"ఇంకో జానెడు. లోతుగా పెట్టారు."

"ఏదో తగిలింది. ఎర్రగా ఉంది... పెంకే. ఇటుపక్క ఇంకోటి."

"కలుపు."

"మట్టి..."

"కలపరా!"

"అతికింది. వదినా, అతికింది. రాయి ఉన్నచోటే ఉంది. మరి నా తోటేదీ?"

"ఏటినడుగు. సర్కారు మన రెండు పంచాయతీలూ కలిపేసిన ఏడాది వరదొచ్చిందే, అది కోసుకుపోయింది. ఊళ్లు ఒకటైపోయాక హద్దు ఎవడిక్కావాలి? ఎవడూ కొలవలా."

"అయ్యో మామా! ఎంత పని చేశాను! వదినా, నువ్వే కదా ఆదివారం సభలో 'రాళ్లకు కాళ్లుండవు, ఎవరో మోశారు' అన్నావు. అందరూ కేకలేశారు. నేనింటికెళ్లి పార తీశా."

"నేను జెఫరీను పేరెత్తానా?"

"రాయి అవతల ఉన్నది ఇంకెవరు? నీకు తెలీకే అన్నావు కదా? చెప్పు, తెలీకే కదా?"

"ఊరు విడిపోయి మళ్లీ మనకి మన పంచాయతీ వచ్చింది. మొదటి సభకి ఇద్దరొచ్చారు అబీలియు. ఇద్దరు! ఖాళీ కుర్చీలకి చెప్పుకున్నా. రాయి మాటెత్తాక చర్చి మెట్లదాకా నించున్నారు జనం."

"అంటే తెలుసు."

"మీ అన్నా నేనూ ఇక్కడే నిలబడి చూశాం. నది మీ తోటని ముక్కలుముక్కలుగా తీసుకుపోతుంటే."

"విన్నావా మామా? ఈవిడకి తెలుసంట. మామా... జెఫరీను మామా! కళ్లు తెరువు! వదినా, ఊపిరి లేదు."

"లే. ముందు ఆ పార కడుగు."

"కడగను. నేనే చంపానని చెప్తా. ఈయన దొంగ కాదని రెండూళ్లకీ చెప్తా, పెంకులు చూపించి. ఇక్కడే పెట్టానే... నీళ్లలోకి ఏం విసిరావ్? వదినా, ఏం విసిరావ్?"

"ఉష్, ఫోన్ కలిసింది. హలో, ఫ్రెయిషల్ ప్రెసిడెంటునండీ. అవతలి ఊరాయన మా హద్దురాయి పీకుతూ దానిమీదే పడ్డాడు."